ఎండుకట్టె చరిత్ర: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో వంటచెరకు, శ్రమ, హక్కు

వ్యాససంగ్రహం

తెలంగాణ పల్లె జీవితంలో వంటచెరకు నిత్యావసరమైనా దానికి చరిత్ర రచనలో దక్కిన చోటు స్వల్పం. అటవీ దస్త్రాలు కట్టెను ఆదాయంగానో అపరాధంగానో నమోదు చేశాయి. ఆరోగ్య పరిశోధన దాన్ని పొగగా కొలిచింది. ఈ రెంటికీ నడుమ కట్టెను ఎంచి, చీల్చి, ఎండబెట్టి, దాచిన గృహశ్రమ నమోదు కాకుండా మిగిలింది. పూర్వపు నిజామాబాద్ జిల్లాలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాలను కేంద్రంగా తీసుకొని, ‘ఎండు’ అనే గుణం చుట్టూ అడవిహక్కు, స్త్రీల శ్రమ, ఆరోగ్యం ఎలా ముడిపడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కట్టె ఎండడం ప్రకృతి చేసే పనిగా కనిపించినా, ఎండిన కట్టె ఎవరి ఇంట ఉంటుందన్నది సామాజిక విషయమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వంటచెరకు, చేవ, ఎండుకట్టె, మోపు, వెట్టి, అటవీ చట్టం, పొగలేని పొయ్యి, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ప్రవేశిక

ఒక ఇంట్లో ఆ పూట వంట జరగలేదని చెప్పడానికి తెలుగువారు ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటారు. ఆరిన పొయ్యి వెచ్చని బూడిదలో పిల్లి పడుకుంటుంది. నిప్పు రాజేస్తేనే అది లేస్తుంది. పేదరికాన్ని గింజలతో కాక పొయ్యితో కొలిచిన పలుకుబడి ఇది. గింజలున్నా కట్టె లేకపోతే పొయ్యి వెలగదు. కట్టె ఉన్నా అది పచ్చిదైతే పొగ తప్ప మంట రాదు. అందువల్ల ఆహార చరిత్ర రాసేవారు ధాన్యంతోపాటు కట్టె చరిత్రనూ పట్టించుకోక తప్పదు.

2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి విడివడి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. అంతకుముందు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ నిజామాబాద్ జిల్లా తాలూకాలు. ఆ జిల్లా తొలి పేరు ఇందూరు. కామారెడ్డి రైలుమార్గం మీద, వర్తకం మీద పెరిగిన పట్టణం. ఎల్లారెడ్డి వైపు లింగంపేట, గాంధారి, నాగిరెడ్డిపేట పరిసరాల్లో అడవి, గుట్టలు, లంబాడా తండాలు ఎక్కువ. ఒకవైపు కట్టె పుట్టే చోటు, మరోవైపు కట్టె కొనే చోటు పక్కపక్కనే ఉండడం వల్ల వంటచెరకు చరిత్రను చూడడానికి ఈ ప్రాంతం అనువైనది.

ఈ పరిశీలనకు ఆధారాలు మూడు విధాలు. కట్టె చుట్టూ అల్లుకున్న తెలుగు పదాలు, సామెతలు మొదటివి. అడవికి సంబంధించిన చట్టాలు, విధానాలు రెండవవి. పొయ్యి, పొగ మీద జరిగిన శాస్త్రీయ కృషి మూడవది.

2. చేవ: కట్టెను ఎంచే జ్ఞానం

ఈ ప్రాంతపు అడవి ఆకురాల్చే ఎండు అడవి. టేకు, నల్లమద్ది, చిరుమాను, తునికి, ఇప్ప, మోదుగు, సండ్ర వంటి చెట్లు ఇందులో పెరుగుతాయి. చెలకల గట్ల మీద, చెరువు కట్టల కింద తుమ్మ, వేప, చింత ఉంటాయి. ఇవన్నీ కాలుతాయి కాని ఒకే తీరుగా కాలవు.

కట్టె నాణ్యతకు తెలుగు ఇచ్చిన పేరు ‘చేవ’. చెట్టు మానులో నడిమి గట్టిభాగం చేవ. లేతగా, తేలికగా, లోపల బోలుగా ఉండేది బెండు. చేవ అన్న మాట కట్టె నుంచి మనిషికి పాకింది. శక్తిగలవాణ్ణి చేవగలవాడని, నీరసించినవాణ్ణి చేవచచ్చినవాడని అంటారు. మనిషి సత్తువను చెప్పడానికి చెట్టు గుండెను ఉపమానం చేసుకున్న సమాజానికి కట్టెతో ఉన్న పరిచయం ఎంత దగ్గరిదో ఈ ఒక్క మాట చెబుతుంది.

ఈ విభజనకు భౌతికశాస్త్రపు ఆధారమూ ఉంది. పూర్తిగా ఎండిన ఏ జాతి కట్టె అయినా కిలోకు ఇచ్చే వేడి సుమారుగా ఒకటే. ఉరామరిగా 4,300 కిలోకేలరీలు. తేడా బరువులో కాదు, సాంద్రతలో ఉంది. ఒకే పరిమాణపు తుమ్మ మొద్దులో బూరుగు మొద్దులో కంటే ఎక్కువ పదార్థం ఉంటుంది. కనుక అది నిదానంగా కాలి, మంట తగ్గాక కూడా గట్టి నిప్పులను మిగులుస్తుంది. జొన్నగట్క ఉడకడానికి, పప్పు మెత్తబడడానికి ఆ నిలకడ కావాలి. రొట్టె చేసేటప్పుడు, త్వరగా నీళ్లు కాగాల్సినప్పుడు ఎగిసే మంట కావాలి. అందుకే ఒకే పొయ్యి దగ్గర మొద్దు, పేళ్లు, చితుకులు మూడూ ఉంటాయి. చితుకులతో రాజేసి, పేళ్లతో మంట పెంచి, మొద్దుతో నిలబెట్టడం వంటింటి క్రమం.

కట్టె ఆకారం గురించిన పట్టింపు మాత్రం ఈ జ్ఞానంలో లేదు. ‘కట్టె వంకర పొయ్యి తీరుస్తుంది’ అన్న సామెత దానికి సాక్ష్యం. ఇంటి దూలానికి, నాగలికి తిన్ననిది కావాలి. వంకరది, తొర్రది, కణుపులది పొయ్యికి పోతుంది. అంటే వంటచెరకు చాలావరకు ఇతర అవసరాలు వదిలిపెట్టిన శేషం. అడవిశాఖ విలువకట్టే టేకు దుంగకూ, పల్లెటూరి పొయ్యి కోరే కట్టెకూ సహజమైన పోటీ తక్కువ. ఈ సంగతి తరువాతి విధానాల్లో తరచు మరుగునపడింది.

3. ఎండు: కాలం చేసే పని

తెలుగులో ఆరడం వేరు, ఎండడం వేరు. బట్ట ఆరుతుంది, చేయి తడి ఆరుతుంది. అది పైతడి పోవడం. కట్టె, మిరప, చెరువు ఎండుతాయి. అది లోపలి నీరు పోవడం. ‘ఎండ’, ‘ఎండు’ ఒకే కుదురు మాటలు. సూర్యతాపం పేరే ఆ తాపం చేసే పనికీ పేరయింది. మరొకవైపు ‘ఆరు’ అన్న క్రియకు నిప్పు చల్లారడం అన్న అర్థమూ ఉంది. పైతడి మాత్రమే ఆరిన కట్టెను పొయ్యిలో పెడితే మంట ఆరుతుంది.

అప్పుడే నరికిన పచ్చికట్టె బరువులో సుమారు సగం నీరే. చేవ ఎక్కువైన జాతుల్లో ఇది కొంత తక్కువగా ఉండవచ్చు. గాలికి, ఎండకు తగినంతకాలం ఉంచితే నీటి పాలు 15 నుంచి 20 శాతానికి దిగుతుంది. తెలంగాణ ఎండకాలంలో ఇంకా తగ్గుతుంది. మొద్దులోని నీరు బెరడు గుండా మెల్లగా, కోసిన కొసల గుండా వేగంగా బయటికి పోతుంది. అందుకే దుంగను పొట్టిగా కోసి, గొడ్డలితో నిలువునా చీల్చి, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేరుస్తారు. ఎండినకొద్దీ కట్టె కొసల్లో నెర్రెలు విచ్చుతాయి. బెరడు పొట్టులా ఊడుతుంది. రెండు పేళ్లను తాకిస్తే పచ్చికట్టె మందంగా, ఎండుకట్టె గల్లున మోగుతుంది. ఎత్తి చూస్తే తేలికగా ఉంటుంది. ఏ పరికరమూ లేకుండా చెవితో, చేతితో తేల్చుకునే పరీక్షలు ఇవి.

ఈ పనికి కాలం నిర్ణయమై ఉంది. యాసంగి కోతల తరువాత, ఉగాది దాటాక, పొలం పని తగ్గినప్పుడు కట్టె సేకరణ సాగుతుంది. మే నెలాఖరులో వచ్చే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. రోళ్లను పగిలించే ఎండే మొద్దుల నెర్రెలనూ విప్పుతుంది. జూన్ మొదటివారం దాటి మృగశిర కార్తె ప్రవేశించేలోగా కట్టె ఇంటి కప్పు కిందికి చేరాలి. చేరని కట్టె ముసురులో తడిసి, తిరిగి నీరు పట్టి, బూజెక్కుతుంది. వానకాలం నాలుగు నెలల వంట రోహిణి ఎండలో నిర్ణయమవుతుందనడం అతిశయోక్తి కాదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. 20 కిలోల పచ్చికట్టె మోపులో 10 కిలోలు కట్టె, 10 కిలోలు నీరు అనుకుందాం. అదే మోపు 20 శాతం తేమకు ఎండితే దాని బరువు 12.5 కిలోలు. అంటే అదే వంటకు తలమీద మోయాల్సిన బరువు 7.5 కిలోలు తగ్గింది. వేడి సంగతి చూస్తే, 10 కిలోల కట్టె పదార్థం ఇచ్చే 43,000 కిలోకేలరీల్లో, లోపలి 10 కిలోల నీటిని ఆవిరి చేయడానికే సుమారు 6,200 ఖర్చవుతాయి. ఇది దాదాపు 14 శాతం. ఎండిన మోపులో ఈ ఖర్చు 4 శాతానికి లోపే. అయితే అసలు నష్టం ఈ 14 శాతం కాదు. ఆవిరి వల్ల మంట చల్లబడి, కట్టె నుంచి వెలువడిన వాయువులు కాలకుండానే పొగగా పోతాయి. కట్టెలోని శక్తిలో ఒక భాగం ఆ పొగతోనే వృథా అవుతుంది. ఊదుగొట్టం పట్టుకొని పొయ్యి ముందు వంగిన స్త్రీ ఊపిరితిత్తుల్లో అది చేరుతుంది. పచ్చికట్టె మోసేటప్పుడు మెడను, కాల్చేటప్పుడు ఊపిరిని బాధిస్తుంది. రెండూ ఒకే మనిషివి.

4. వంటకు మించిన నిప్పు

శీతల దేశాల్లో ఇంటిని వెచ్చబెట్టడానికి కట్టెను ఒకటి రెండేళ్ల ముందుగా కోసి ఎండబెట్టే సంప్రదాయం ఉంది. తెలంగాణలో గది మొత్తాన్ని వెచ్చబెట్టే ఏర్పాటు లేదు. కాని వెచ్చదనం కోసం నిప్పు వాడకం లేదనడం సరికాదు. దక్కన్ పీఠభూమి మీద ఉన్న ఈ ప్రాంతంలో పుష్యమాసపు కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దిగువకు పోతుంది. ఇక్కడి వారు గదిని కాక మనిషిని వెచ్చబెట్టే పద్ధతిని అనుసరించారు.

దానికి రూపాలు అనేకం. వాకిట్లో, కళ్లం దగ్గర వేసే చలిమంట ఒకటి. స్నానానికి కాగులో నీళ్లు కాచే పొయ్యి మరొకటి. బాలింత గదిలో నిప్పుల కుంపటి, బిడ్డకు సాంబ్రాణి పొగ వేరొకటి. వీటిలో ప్రతిదానికీ తగిన కట్టె వేరు. చలిమంటకు చితుకులు, కంప చాలు. కాగు కింద వంకర మొద్దు రాత్రంతా కనలుతుంది. కుంపటికి మాత్రం పొగ పూర్తిగా పోయి ఎర్రబడిన చేవకట్టె నిప్పులు కావాలి. తలుపులు మూసిన బాలింత గదిలో పచ్చికట్టె నిప్పు పెట్టరాదన్న జాగ్రత్త అనుభవం నేర్పినది. పొగ కనిపించకున్నా మూసిన గదిలో నిప్పుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకమన్నది ఆధునిక శాస్త్రం చేర్చిన హెచ్చరిక. ఆచారం ఒక ప్రమాదాన్ని గుర్తించి, మరొకదాన్ని గుర్తించలేకపోయింది.

ఇంటి బయట ఊరి నిప్పు ఉంది. హోలీకి ముందు కాముని దహనం, మొహర్రం రోజుల్లో పీర్ల ముందు అలావా గుండం ఊరివారి కట్టెతో వెలుగుతాయి. ఇక చావు కాలం చూసి రాదు. శ్రావణ ముసురులో ఎవరైనా పోతే కాష్ఠానికి ఎండుకట్టె కావాలి. ఆ రోజు ఎండుకట్టె ఉన్న ఇల్లు ఊరికంతటికీ అక్కరకొస్తుంది. కట్టె పేర్పు ఇంటి సొత్తే అయినా, ఆపదలో ఊరి సొత్తుగా మారే సందర్భం ఇది.

5. మోపు: అడవి, చట్టం, వెట్టి

ఎండుకట్టె వంటింటి గుణంగానే మిగిలిపోలేదు. అది చట్టపు గుణం కూడా అయింది. హైదరాబాద్ రాజ్యంలో 1355 ఫసలీ (1945–46) అటవీ చట్టం, దాని స్థానంలో వచ్చిన 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు నరకడాన్ని నేరంగా పరిగణించాయి. అయితే రాలిన ఎండు కొమ్మలను ఇంటి పొయ్యికి తలమోపుగా తెచ్చుకోవడం అడవి అంచు ఊళ్లలో చాలాకాలం సహించబడిన ఆచారం. దీనితో పచ్చి, ఎండు అన్న భేదం ఒప్పు, తప్పు అన్న భేదంగా మారింది. మోపులో పచ్చికొమ్మ కనిపిస్తే, కట్టె కొసన గొడ్డలి గాటు ఉంటే ఆ స్త్రీ జవాబు చెప్పుకోవాలి. చేత్తో విరిచిన కొమ్మకు గాటు ఉండదు. కనుక గొడ్డలి లేకుండా అడవికి పోవడం భద్రత. కాని గొడ్డలి లేనివారికి చేవమొద్దు దక్కదు. దక్కేది చితుకు, కంప. చట్టం పేదల పొయ్యిలోని కట్టె జాతినీ, మందాన్నీ కూడా పరోక్షంగా నిర్ణయించింది.

ఎల్లారెడ్డి ప్రాంతంలో ఈ హద్దు మరింత స్పష్టం. నిజాం కాలంలో వేటకు ఉద్దేశించిన పోచారం పరిసర అడవి 1952లో వన్యప్రాణి అభయారణ్యమైంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అభయారణ్యాల్లో నియంత్రణ ఇంకా గట్టిపడింది. వేటగాని అడవి జంతువుల అడవి అయింది. ఈ రెండు దశల్లోనూ మోపు మోసే స్త్రీకి అడవి తనదని చెప్పిన పత్రం ఏదీ చేతికి రాలేదు.

అడవి ఒక్కటే కాదు, గడి కూడా కట్టెను నియంత్రించింది. తెలంగాణ గ్రామాల్లో వెట్టిచాకిరి రూపాల్లో దొరల ఇళ్లకు, పర్యటనకు వచ్చిన అధికారుల బసలకు కట్టె కొట్టి మోయడం ఒకటి. దళిత, చేతివృత్తి కుటుంబాలు కూలి లేకుండా ఈ పని చేయవలసి వచ్చేది. వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తిన ఆంధ్ర మహాసభ 1937లో నిజామాబాద్‌లో సమావేశమైంది. వెట్టిని తలచుకున్నప్పుడు నాగలి, మోట, పల్లకి గుర్తుకొస్తాయి. కట్టెమోపు అంతగా గుర్తుకు రాదు. కాని కట్టెకు ప్రత్యేకత ఉంది. అది కాలంతో కూడిన పని. ఎండకాలంలో గడి కోసం కట్టె కొట్టి పేర్చినవానికి తన ఇంటి కట్టె కొట్టి ఎండబెట్టుకునే రోజులు ఆ మేరకు తగ్గుతాయి. పైగా పేర్పు వేయడానికి దొడ్డి, కప్పు కావాలి. గూన పెంకుల సాయబాన్ కింద చేవకట్టె పేర్పు ఉన్న ఇల్లు ముసురును నిశ్చింతగా దాటుతుంది. ఒంటినిట్టాడు గుడిసెకు ఆ చోటు లేదు. ఏ రోజు కట్టె ఆ రోజు తెచ్చుకునే ఆ ఇంట్లో వానకాలమంతా పచ్చి, తడి కట్టెలే కాలుతాయి. ఎండుకట్టె కొట్టి పేర్చిన చేతులే తడికట్టెను ఊదవలసి రావడం ఈ వ్యవస్థలోని అసలు అన్యాయం.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తరువాత వెట్టి చట్టపరంగానూ ఆచరణలోనూ తరిగింది. అడవిహక్కు ప్రశ్న మాత్రం మిగిలింది. 1988 జాతీయ అటవీ విధానం గ్రామీణ, గిరిజన ప్రజల వంటచెరకు అవసరాన్ని తన ఆశయాల్లో చేర్చింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల నిర్వచనంలో పొదకట్టెను, మోడులను చేర్చింది. సహించబడిన ఆచారం హక్కుగా రాతలోకి రావడానికి ఇంతకాలం పట్టింది.

6. మారిన కట్టె: సర్కారు తుమ్మ నుంచి పత్తికట్టె వరకు

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రాంతపు కట్టె స్వరూపం మారింది. మంజీర మీద 1923–1931 మధ్య నిర్మించిన నిజాంసాగర్, అంతకుముందు 1922లో పూర్తయిన పోచారం జలాశయం సేద్యాన్ని విస్తరించాయి. చెరకు పెరిగింది. కామారెడ్డి బెల్లం వ్యాపారానికి పేరుపొందింది. బెల్లం వండడానికి చెరకుపిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. గానుగ ఆడిన పిప్పి వెంటనే కాలదు. కళ్లంలో పరిచి రెండు మూడు రోజులు ఎండనివ్వాలి. కట్టెకు వర్తించిన సూత్రమే ఇక్కడా వర్తించింది.

అడవి దూరమైన ఊళ్లలో వంట పంట వ్యర్థాల మీదికి మళ్లింది. కందికట్టె, పత్తికట్టె, మక్క బెండ్లు, పిడకలు పొయ్యికి చేరాయి. సన్నగా ఉండడం వల్ల ఇవి త్వరగా ఎండుతాయి, త్వరగా కాలిపోతాయి కూడా. వీటితో వండేవారు పొయ్యి దగ్గరినుంచి కదలడానికి వీలులేదు. నిమిష నిమిషానికి ఎగదోయాలి. చేవకట్టె తగ్గినకొద్దీ పొయ్యి ముందు గడిపే సమయం పెరిగింది. ఈ ప్రాంతంలో బీడీలు చుట్టే స్త్రీలు అనేకులు. వారికి ఆ సమయం నేరుగా కూలిడబ్బు. తునికి చెట్టు ఆకు వారి జీవనాధారం కాగా, చేవకట్టె కొరత వారి పనివేళను తినివేసింది.

ఈ లోటును కొంత పూడ్చినది ఒక పరదేశి చెట్టు. అమెరికా ఖండాలకు చెందిన ఈ ముళ్లచెట్టును 1877లో మద్రాసు అటవీశాఖ కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించింది. ప్రభుత్వం తెచ్చినది కనుక జనం దాన్ని ‘సర్కారు తుమ్మ’ అన్నారు. చెరువు శిఖాల్లో, బంజరుల్లో అది అడ్డూఅదుపూ లేకుండా పెరిగింది. పంటపొలానికి శత్రువైన ఈ చెట్టు పొయ్యికి మిత్రమైంది. దాని కట్టె గట్టిది, బొగ్గు మేలైనది, నరికినకొద్దీ చిగురుస్తుంది. నాటు తుమ్మ, చిరుమాను స్థానంలో సర్కారు తుమ్మ మోపు పట్టణపు కట్టెల అడితికి చేరడం ఈ పరిణామానికి గుర్తు.

7. పొగ: పొయ్యిని మార్చే ప్రయత్నాలు

కట్టె చరిత్రలో పొయ్యి సంస్కరణ ఒక ముఖ్య అధ్యాయం. దానికి హైదరాబాద్‌తో ఉన్న సంబంధం తగినంతగా గుర్తింపు పొందలేదు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగగొట్టం గల మట్టిపొయ్యిని రూపొందించారు. పొగలేని వంటిళ్ల గురించి ఆయన ఆంగ్లంలో రాసిన చిన్న పుస్తకం 1953లో మద్రాసు నుంచి వెలువడింది. ఒకే మంటతో ఒకటికి మించిన పాత్రలు కాగడం, పొగ గొట్టం ద్వారా ఇంటి బయటికి పోవడం ఈ పొయ్యి లక్షణాలు. వంటింటి పొగను ఇంజినీరింగ్ సమస్యగా చూసిన తొలి భారతీయ ప్రయత్నాల్లో ఇదొకటి.

1975లో అమెరికా పరిశోధకుడు ఎరిక్ ఎఖోమ్ వంటచెరకు కొరతను మరో ఇంధన సంక్షోభంగా వర్ణించాడు. చమురు ధరల గురించి ప్రపంచం మాట్లాడుతున్న రోజుల్లో పేదల ఇంధనం మీదికి దృష్టి మళ్లింది. భారత ప్రభుత్వం 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని ఆరంభించి 2002 వరకు నడిపింది. ఈ కాలపు కొత్త పొయ్యిలకు ఒక సాధారణ లక్షణం ఉంది. వాటి నోరు ఇరుకు. చిన్నగా చీల్చిన, బాగా ఎండిన కట్టె ఉంటేనే అవి ఆశించిన ఫలితం ఇస్తాయి. కార్యక్రమం పొయ్యిని ఇచ్చింది. కట్టెను చీల్చే గొడ్డలిని, ఎండబెట్టే చోటును, తడవకుండా దాచే కప్పును ఇవ్వలేదు. ఎండుకట్టె ముందే ఉన్న ఇంటికి కొత్త పొయ్యి ఉపకరించింది. లేని ఇంట్లో అది కూడా పొగిసింది.

పొగ ఎంత అన్నదానికి ఇదే ప్రాంతం నుంచి కొలతలు ఉన్నాయి. కల్పన బాలకృష్ణన్, సహపరిశోధకులు నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లోని 412 గ్రామీణ గృహాల్లో గాలిలోని సూక్ష్మ ధూళిని కొలిచి 2004లో ఫలితాలను ప్రచురించారు. గ్యాస్ వాడే ఇళ్లలో 24 గంటల సగటు ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములు ఉండగా, ఘన ఇంధనాలు కాల్చే ఇళ్లలో అది 732 వరకు చేరింది. దాదాపు పదింతలు. ఘన ఇంధనం వాడే ఇళ్లలో అందరికంటే ఎక్కువ పొగ బారిన పడినది వంట చేసే స్త్రీలు. ఇంధన రకం, వంటిల్లు రకం, కాల్చిన ఇంధన పరిమాణం ఈ పొగకు ప్రధాన కారకాలుగా తేలాయి. కట్టె పరిమాణం పెరిగితే పొగ పెరుగుతుంది. కట్టె పచ్చిదైతే పరిమాణం పెరగక తప్పదు. వంటింటి అనుభవం, పరిశోధన ఇక్కడ కలుస్తాయి.

కట్టె నుంచి గ్యాస్‌కు మార్పు మూడు మెట్లలో జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016 మే నుంచి కేంద్రం అమలుచేసిన ఉజ్జ్వల పథకం పేద స్త్రీల పేర గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 500 రూపాయలకు సిలిండరు ఇచ్చే పథకాన్ని అమలులోకి తెచ్చింది. కనెక్షన్ రావడంతో కట్టె పూర్తిగా పోలేదు. చాయ్, కూర గ్యాస్ మీదికి మారినా, స్నానానికి నీళ్లు, పండుగకు పెద్ద వంట, చలికి మంట కట్టె మీదే నిలిచాయి. సిలిండరుకు డబ్బు కావాలి, కట్టెకు శ్రమ చాలు. స్త్రీ శ్రమకు వెల కట్టని చోట కట్టె చౌకగా కనిపిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి కొన్ని అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, చేవ, ఎండు, ఆరు, నెర్రె, పేళ్లు, చితుకు వంటి పదాలు వట్టి మాటలు కావు. కట్టె జాతిని, తేమను, కాలే తీరును వర్గీకరించిన ఒక జ్ఞానవ్యవస్థకు అవి పారిభాషికాలు. గ్యాస్ పొయ్యి దగ్గర పెరిగే తరానికి ఈ పదాల్లో చాలావాటి అర్థం ఉపమానంగానే మిగులుతుంది. కొరివి, నివురు, ఎగదోయడం ఇప్పటికే ఆ దారి పట్టాయి. మాండలిక నిఘంటువులు వీటిని వస్తుపరమైన అర్థంతో నమోదు చేయడం అవసరం.

రెండవది, ఎండుకట్టెను అడవి వనరుగా మాత్రమే చూడడం చాలదు. దానిలో అడవి పాలెంతో ఎండ పాలు, చోటు పాలు, తీరిక పాలు అంతే. ఈ నాలుగింటిలో అడవి మీద చట్టాలు వచ్చాయి. తక్కిన మూడూ భూమి, ఇల్లు, వెట్టి, కూలి అనే సామాజిక సంబంధాల చేతిలో ఉండిపోయాయి. అందువల్ల ఒకే ఊళ్లో, ఒకే అడవి అంచున ఒక ఇల్లు ఎండుకట్టెతోనూ మరొక ఇల్లు తడికట్టెతోనూ వండుకున్నాయి.

మూడవది, అటవీ విధానం చెట్టును లెక్కించింది, ఇంధన విధానం పొయ్యిని లెక్కించింది, ఆరోగ్య పరిశోధన పొగను లెక్కించింది. చెట్టుకు, పొయ్యికి, పొగకు నడుమ ఉన్న ఎండబెట్టే పనిని ఎవరూ లెక్కించలేదు. ఆ పని చేసినవారిలో అధికులు స్త్రీలు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో నేటికీ కట్టెపొయ్యిని పూర్తిగా వదలని ఇళ్లున్నాయి. ఆ ఇళ్లకు గ్యాస్ అందుబాటును పెంచడం ఎంత అవసరమో, అంతవరకు కాల్చే కట్టె ఎండినదిగా ఉండేటట్టు చీల్చే సాధనం, తడవని కప్పు కల్పించడమూ అంతే అవసరం. ఒక రేకుల కప్పుకయ్యే ఖర్చు తక్కువ. అది లేనందువల్ల ప్రతి ముసురులోనూ పొగగా మారుతున్నది మనుషుల ఆయుష్షు.